లక్ష రూపాయల కన్ను

"ఈ పెద్ద ఫోనుల్లో ఏది మంచి ఫోటో తీస్తుందండీ?" అని మన సంఘ సభ్యులు ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు. పెళ్లిళ్ల రోజులు వచ్చాయంటే ఈ ప్రశ్న మరీ ఎక్కువవుతుంది. అడగడంలో తప్పు లేదు. ఒకప్పుడు మన ఇళ్లలో పెద్ద మొత్తం ఖర్చు పెట్టాలంటే నలుగురినీ సంప్రతించి, మంచి రోజు చూసి గాని పెట్టె తాళం తీసేవారు కాదు. ఇప్పుడు లక్ష రూపాయలు అరచేతిలో ఇమిడే వస్తువుకు పోస్తున్నాం. మాటలాడుకోవడానికయితే పదివేల ఫోను చాలు. తక్కిన తొంభై వేలూ చాలావరకు ఆ వెనుకనున్న కళ్లకే. కనుక ఈ నెల మన శీర్షికలో ఆ కళ్ల సంగతే ముచ్చటించుకుందాం.

ముందుగా బరిలో ఎవరెవరున్నారో చూద్దాం. వివో వారి ఎక్స్200 ప్రో 2024 డిసెంబరులో మన దేశానికి వచ్చింది. ఆనాటి ధర 94,999 రూపాయలు. శాంసంగ్ వారి గెలాక్సీ ఎస్25 అల్ట్రా 2025 జనవరిలో 1,29,999కి, గూగుల్ వారి పిక్సెల్ 10 ప్రో ఆగస్టులో 1,09,999కి, ఆపిల్ వారి ఐఫోన్ 17 ప్రో సెప్టెంబరులో 1,34,900కి విడుదలయ్యాయి. షావోమి వారి 15 అల్ట్రా అదే సంవత్సరం మార్చిలో దిగింది. ఏటేటా కొత్త అంకె తగిలించుకొని వీటికి తమ్ముళ్లు పుడుతూనే ఉంటారు. అయినా ఈ అయిదింటి తీరు తెలిస్తే చాలు, వంశ లక్షణం పట్టుబడుతుంది. తరవాత వచ్చేవాటిని అంచనా కట్టడం కష్టం కాదు.

అంగట్లో కుర్రవాడు మొట్టమొదట అప్పజెప్పేది మెగాపిక్సెళ్ల లెక్క. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. ముఖ్య కెమేరాకు ఎస్25 అల్ట్రాలో 200, పిక్సెల్‌లో 50, వివోలో 50, ఐఫోన్‌లో 48. ఈ అంకెలు వినగానే శాంసంగ్ తక్కినవాటికి నాలుగింతలు మేలనిపిస్తుంది. కాని జరిగేది వేరు. 200 మెగాపిక్సెళ్ల కెమేరాలో ఒక్కొక్క చుక్క వెడల్పు 0.6 మైక్రాను, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అంత సన్నని చుక్క మీద పడే వెలుతురు ఏపాటి? అందుచేత ఆ ఫోను మామూలుగా పదహారు చుక్కలను ఒక్కటిగా కలిపి, సుమారు 12 మెగాపిక్సెళ్ల ఫోటోనే మన చేతికిస్తుంది. పిక్సెల్ నాలుగేసి చుక్కలను కలిపి అదే 12 దగ్గరకు వచ్చి నిలుస్తుంది. ఐఫోన్ మామూలుగా 24 ఇస్తుంది. చుక్కలు పెరిగితే ముగ్గు పెద్దదవుతుంది గాని, అందం వేసే చేతిలో ఉంటుంది గదా!

పోనీ, మనకు ఎన్ని చుక్కలు కావాలి? ఆల్బములో పెట్టుకునే 4×6 అంగుళాల ఫోటోకు, అంగుళానికి 300 చుక్కల చొప్పున, 1200ను 1800తో హెచ్చవేస్తే 21,60,000. అంటే రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు! గోడకు తగిలించే 12×18 అంగుళాల పటానికి ఇదే లెక్కన 20 లోపు. ఆ పటాన్ని నాలుగడుగుల దూరం నుంచి చూస్తాం గనుక 12 ఉన్నా లోటు కనబడదు. కనుక మెగాపిక్సెళ్ల పోటీలో ఎవరు గెలిచినా మన ఇంటికి ఒరిగేది స్వల్పం.

అంకెలకన్నా పనికివచ్చే కొలత ఇంకొకటుంది. వెలుతురును పట్టే పలకను సెన్సరు అంటారు. వాన కురిసేటప్పుడు గిన్నె పెడితే కొంచెం నీరు, గంగాళం పెడితే ఎక్కువ నీరు. సెన్సరు కూడా అంతే. ఎంత పెద్దదయితే అంత వెలుతురు పడుతుంది. ఐఫోన్, శాంసంగ్, పిక్సెల్, వివో నాలుగింటి ముఖ్య సెన్సర్లూ ఇంచుమించు ఒకే పరిమాణం, వెడల్పు సెంటీమీటరుకు కాస్త లోపు. షావోమి 15 అల్ట్రాలో మాత్రం ఒక అంగుళం సెన్సరు అంటారు. నిజంగా కొలిస్తే అది సుమారు 13.1 మిల్లీమీటర్ల వెడల్పు, 9.8 మిల్లీమీటర్ల ఎత్తు. అంగుళం ఎక్కడా లేదు. పూర్వం టెలివిజను కెమేరాలలో గాజు గొట్టాలుండేవి. ఆ గొట్టం పైకొలతను బట్టి చెప్పే వాడుక నేటికీ అలా నిలిచిపోయింది. ఏమైనా, తక్కిన నాలుగింటికన్నా అది ఒకటిన్నర రెట్లకు పైగా పెద్ద గిన్నె. మన తండ్రుల కాలపు ఫిల్ము కెమేరాలో ఒక్కొక్క బొమ్మకు పట్టే ఫిల్ము 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. ఈనాటి లక్ష రూపాయల ఫోను సెన్సరుకు అది పన్నెండింతలు!

మరి అంత చిన్న గిన్నెతో ఇంత మంచి ఫోటోలు ఎలా వస్తున్నాయి? ఇక్కడే అసలు కిటుకుంది. మనం మీట ఒక్కసారి నొక్కితే ఫోను గబగబా అనేక ఫోటోలు తీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, వెలుగులో మాడినచోట ఒకదాని నుంచి, నీడలో నల్లబడినచోట ఇంకొకదాని నుంచి తీసుకొని, ఒక్క బొమ్మగా అల్లుతుంది. గూగుల్ ఈ పద్ధతిని 2013లోనే తన ఫోనులో పెట్టింది. 2018లో చీకటిలో తీసే నైట్ సైట్ అనే ఏర్పాటు తెచ్చింది. ఇప్పుడు అన్ని కంపెనీలదీ అదే దారి.

పైగా ఒక వింత వినండి. 2022 డిసెంబరులో ఆపిల్ అధిపతి టిమ్ కుక్ జపానులోని కుమమోటోకు వెళ్లి, ఐఫోన్ సెన్సర్ల విషయంలో పదేళ్లకు పైగా సోనీతో కలిసి పని చేస్తున్నామని స్వయంగా ప్రకటించాడు. ఎక్స్200 ప్రో, 15 అల్ట్రాల ముఖ్య సెన్సర్లు కూడా సోనీవే. పైకి కత్తులు దూసుకునేవారు లోపల ఒకే మిల్లు బియ్యం తెచ్చుకుంటున్నారన్నమాట. బియ్యం ఒకటే అయినప్పుడు అన్నం తేడా ఎక్కడ వస్తుంది? వంటమనిషి దగ్గర. ఫోనులో వంటమనిషి సాఫ్ట్‌వేరు. ముఖం ఎంత తెల్లగా ఉండాలి, ముడతలు ఎంతవరకు ఉంచాలి, ఆకు ఎంత పచ్చగా, ఆకాశం ఎంత నీలంగా ఉండాలి అన్నదంతా ఆ వంటమనిషి చేతివాటం. కనుక ఈ ఫోనులను పోల్చడమంటే ఆ చేతివాటాలను పోల్చడమే. అందులోనూ మన కుటుంబాలకు కావలసిన పరీక్ష ముఖ్యంగా ఒక్కటి. మన మనిషి మన మనిషిలాగే వస్తున్నాడా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. రంగుల ఫిల్ము రోజుల్లో కొడాక్ కంపెనీ, రంగులు సరిచూసుకోవడానికి స్టూడియోలకు ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద ఉండేది తెల్లజాతి యువతి. షర్లీ కార్డు అని దానికి పేరు పడింది. ఆమె చర్మం సరిగా వస్తే రంగులు సరిగా వచ్చినట్టు లెక్క. చామనచాయవారు, నల్లనివారు ఆ లెక్కలోకే రాలేదు. వారి ముఖాల్లో కళ్లు, పళ్లు తప్ప తక్కినదంతా ఒకే నలుపుగా వచ్చేది. చివరకు కొయ్య సామానువారు, చాకొలేటువారు తమ సరుకు రంగు సరిగా రావడం లేదని ఫిర్యాదు చేసిన మీదట ఫిల్ము కొంత బాగుపడిందని చరిత్ర రాసినవారు చెబుతారు. మనుషుల గోడుకన్నా చాకొలేటు గోడు ముందు వినబడిందన్నమాట!

ఫోనులు వచ్చాక ఆ పాత తప్పు వేరే రూపంలో తిరిగి వచ్చింది. చర్మాన్ని నునుపు చేసి తెల్లబరిచే సింగారం సాఫ్ట్‌వేరు చాలా ఫోనుల్లో, ముఖ్యంగా ముందు కెమేరాలో, కాపురం పెట్టింది. 2018లో ఐఫోన్ ఎక్స్ఎస్ ముందు కెమేరా ముఖాలను మరీ నునుపు చేస్తున్నదని గోల పుడితే, ఆపిల్ వారు తరవాతి సాఫ్ట్‌వేరులో దాన్ని సవరించవలసి వచ్చింది. గూగుల్ వారు 2021లో పిక్సెల్ 6తో రియల్ టోన్ అనే ఏర్పాటు తెచ్చి, అన్ని రంగుల చర్మాలూ ఉన్నవి ఉన్నట్టు రావాలని పూనుకున్నారు. 2022లో హార్వర్డ్ ఆచార్యుడు ఎల్లిస్ మంక్ రూపొందించిన పది ఛాయల కొలబద్దను గూగుల్ బహిరంగంగా అందరి వాడుకకూ విడుదల చేసింది. పది మెట్ల ఆ కొలబద్దలో మన ఇళ్లలోని పసిమి, చామనచాయ, నలుపు అన్నిటికీ చోటుంది.

ఇదంతా పెద్దవాళ్ల శాస్త్రచర్చ, మనకెందుకు అనుకోకండి. హోసూరులో మా బంధువుల ఇంట ఒక తాతగారి శతాభిషేకం జరిగింది. పీటల మీద తాతగారి పక్కన అవ్వ కూర్చుంది. చామనచాయ మనిషి, నుదుట రూపాయంత కుంకుమ, ముఖం నిండా ముడతలు. మనవలు నలుగురు నాలుగు ఫోనులతో ఫోటోలు తీశారు. ఒక ఫోనులో అవ్వ ముఖం గోధుమవన్నెకు మారి, ముడతలన్నీ చదునైపోయాయి. పిల్లలకు అది తెగ నచ్చింది. అవ్వకు చూపిస్తే కళ్లద్దాలు సవరించుకొని, "ఎవరమ్మా ఈవిడ?" అంది. అందరం నవ్వుకున్నాం. మరుసటి ఏడు అవ్వ పోయింది. పటం కట్టించడానికి పిల్లలు ఆ నచ్చిన ఫోటోనే పెద్దది చేయించి తెచ్చారు. కొడుకు దాన్ని చేతిలో పట్టుకొని చాలాసేపు చూసి, "బాగుంది గాని, ఇది మా అమ్మ కాదురా" అన్నాడు. అప్పుడు తక్కిన మూడు ఫోనులూ వెతికితే, ఒకదానిలో ముడతలతో, కుంకుమతో, అసలు రంగుతో అవ్వ దొరికింది. ఆ పటమే ఇప్పుడు గోడ మీద ఉంది. ఏ కంపెనీ ఫోను అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. అలా చేసే ఫోనులు చాలా ఉన్నాయి. ఆ నాలుగోది లేకపోతే ఆ ఇంటికి అవ్వ ముఖం మిగిలేది కాదన్నదే మనం గమనించవలసినది.

వెయ్యి పున్నములు చూసినవారికి చేసే వేడుక గురించి చెప్పుకున్నాం గనుక చంద్రుడి ముచ్చట కూడా ఒకటి. 2023 మార్చిలో ఒక ఔత్సాహికుడు చంద్రుడి బొమ్మను కావాలని మసకపరిచి, కంప్యూటరు తెర మీద పెట్టి, చీకటి గదిలో దూరం నుంచి శాంసంగ్ ఎస్23 అల్ట్రాతో ఫోటో తీశాడు. తెర మీద లేని గుంటలు, మచ్చలు ఫోటోలో స్పష్టంగా వచ్చాయి! ఫోను చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలకు మెరుగు పెడుతుందని శాంసంగ్ వారు కూడా వివరించారు. పిక్సెల్ 10 ప్రోలో 100 రెట్ల జూమ్ కూడా ఇలాటిదే. కనబడని వివరాన్ని కృత్రిమ మేధ ఊహించి పూరిస్తుంది. చంద్రుడి విషయంలో దీనివల్ల నష్టం లేదు, ఆయన ముఖం అందరికీ తెలిసినదే. కాని దూరానున్న గోపురం మీది శాసనాన్నో, పాత దస్తావేజులోని అక్షరాన్నో ఇలా తీస్తే, వచ్చినది ఉన్నదో ఊహించినదో చెప్పడం కష్టం. అటువంటివాటిని దగ్గరకు వెళ్లి జూమ్ లేకుండా తీయడమే క్షేమం.

ఇక వంశ లక్షణాలు. ఇవి మా అభిప్రాయాలు; ఇంకొకరికి వేరుగా తోచవచ్చు.

పిక్సెల్‌కు ముఖం రంగు మీద శ్రద్ధ ఎక్కువ. వెలుగునీడలు కాస్త గాఢంగా వేస్తుంది. మీట నొక్కడం తప్ప ఇంకేమీ తెలియనివారి చేతిలో కూడా నమ్మకంగా పని చేస్తుంది.

ఐఫోన్ మూడు కెమేరాల మధ్య రంగు పెద్దగా మారదు. వీడియోలో, అనగా తలంబ్రాలు, అప్పగింతల వంటి కదిలే ఘట్టాలలో, దానిదే పైచేయి. ముఖాలను కొంచెం వెచ్చని రంగులో చూపుతుందనేవారున్నారు. ఫోటోగ్రాఫిక్ స్టైల్స్ అనే చోట ఆ రంగును మనకు నచ్చినట్టు దిద్దుకోవచ్చు.

శాంసంగ్ దూరదృష్టి కలది. 3 రెట్లకు ఒకటి, 5 రెట్లకు ఒకటి విడిగా రెండు కెమేరాలున్నాయి. కల్యాణ మండపం వెనుక వరసలో కూర్చుని మాంగల్యధారణ తీయాలంటే ఇంతకన్నా వాటం లేదు. రంగులు కొంచెం పండుగ రంగులు. మసక వెలుతురులో పరుగెత్తే పిల్లలు మాత్రం అలుక్కుపోతారనే ఫిర్యాదు దీని మీద తరచు వినబడుతుంది.

వివోకు 3.7 రెట్ల దూరపు కెమేరాలో 200 మెగాపిక్సెళ్లున్నాయి. నడుము పైభాగం వరకు ఒక్క మనిషిని తీయడానికి ఆ దూరం చక్కగా అమరుతుంది. పాత స్టూడియోవాళ్లు ముఖచిత్రాలకు వాడే లెన్సులకు అది సమానం. అయితే సింగారం మీటలు ఎక్కువ. వాటిని ఆపుకొని, జైస్ వారి సహజ రంగుల వరస పెట్టుకోవాలి.

షావోమి, ఫోటో కళ మీద మక్కువ ఉన్నవారి ఫోను. లైకా వారి పేరుతో రెండు వరసలున్నాయి, ఒకటి ఉన్నదున్నట్టు చూపేది, ఒకటి మెరుపు ఎక్కించేది. ఇంట్లో అందరూ వాడుకునే ఫోనుగా కంటె, దాని మీద కాస్త కుస్తీ పట్టే ఓపిక ఉన్నవారికి తగును.

అంగట్లో ఎలా పరీక్షించాలి అన్నది ఇంకా ముఖ్యం. అంగళ్లలో దీపాల వెలుతురు ధారాళంగా ఉంటుంది. ఆ వెలుగులో పదిహేను వేల ఫోను కూడా పట్టాభిషేకం చేసుకుంటుంది. కాబట్టి ఇంట్లో అందరికన్నా రంగు తక్కువ మనిషినీ, ఒక వయసు మళ్లినవారినీ, ఒక అల్లరి పిల్లవాడినీ వెంటబెట్టుకు వెళ్లండి. ముందు సింగారం మీటలన్నీ ఆపించండి. తరవాత వాకిలికి వీపు పెట్టి నిలబెట్టి ఒక ఫోటో తీయండి. వెనుక వెలుతురు ఉన్నప్పుడు ముఖం నల్లబడుతున్నదా, సున్నం కొట్టినట్టు అవుతున్నదా చూడండి. అంగడిలో మసకగా ఉన్న మూలన కదిలే పిల్లవాణ్ణి మూడుసార్లు తీయండి. మూడింటిలో రెండు స్పష్టంగా ఉంటే మెచ్చుకోండి. పట్టుచీర అంచు, పసుపు, కుంకుమ తీయండి. ఎరుపు గులాబీగానూ, పసుపు నారింజగానూ మారకూడదు. ముఖాన్ని మరీ దగ్గర నుంచి తీయకండి; ముక్కు పెద్దదిగా వస్తుంది. రెండు మూడు రెట్ల జూమ్ పెట్టి, నాలుగడుగులు వెనక్కు జరగండి.

తీసిన ఫోటోలను ఆ ఫోను తెర మీదనే చూసి మురిసిపోకండి. ఒక్కొక్క తెర ఒక్కొక్క తీరున మెరిపిస్తుంది. అన్నిటినీ మీ పాత ఫోనుకు పంపించుకొని, ఏది ఏ ఫోనుదో పేరు చెప్పకుండా ఇంట్లో వారికి చూపండి. మొదటి చూపులో అందరూ ఎక్కువ వెలుగు ఉన్నదాన్నే ఎంచుకుంటారు. అది కంటి నైజం. ఒక రోజు ఆగి మళ్లీ చూపి, "ఇందులో మన అమ్మ ఏదిరా?" అని అడగండి. రెండవనాటి జవాబే నమ్మదగ్గది.

ఇంత చెప్పాక ఇంకొక మాట. గుమాస్తా జీతంతో ఇల్లు నడిపేవారు లక్ష పోయనక్కరలేదు. కొత్తది రాగానే పోయినేటిది ధర తగ్గుతుంది. కెమేరాలో తేడా చాలాసార్లు వెంట్రుకవాసి. కుటుంబ ఫోటోలకు కావలసిన రెండు మూడు మెగాపిక్సెళ్లు మధ్యరకం ఫోనులో కూడా దండిగా ఉన్నాయి. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, కుదురుగా తీసిన ఫోటోకు ఫోను ధర తెలియదు. చీకటిలో, దూరంలో, కదలికలో మాత్రమే ఆ తొంభై వేలు పని చేస్తాయి. మీ ఇంటి ఫోటోల్లో అటువంటివి ఎన్ని అని లెక్క వేసుకొని సంచి విప్పండి.

ఎంత మంచి ఫోను కొన్నా, తీసిన ఫోటోను పంపే తీరులో దాన్ని పాడు చేసుకుంటున్నాం. బరంపురంలో అక్క, షోలాపూరులో అన్న, యానాంలో మేనమామ ఉన్న కుటుంబాలు మనవి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో బాగా కుదించుకుపోతుంది. 2023 ఆగస్టు నుంచి హెచ్‌డి అనే మీట ఇచ్చారు, అది నొక్కి పంపితే కొంత నయం. ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. పటం కట్టించే ఫోటోను ఎప్పుడూ అలాగే తెప్పించుకోండి.

ఏడాదికి ఒకసారి, ఉగాదికి అనుకోండి, ఆ సంవత్సరపు వేల ఫోటోల్లోంచి ఇరవై ఎంచి కాగితం మీద వేయించండి. ప్రతిదాని వెనుకా పేరు, వరస, ఊరు, తేదీ రాయండి. మన పాత పెట్టెల్లో ఎవరివో తెలియని ముఖాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఆ రాత రాయడానికి మూడు రూపాయల పెన్సిలు చాలు.